షుగరు ఉన్నవారు ఇంట్లో బీపీ చూసుకోవడం: మిషను కొనడం నుంచి డాక్టరుకు లెక్క చూపించే దాకా

షుగరు ఉన్నవారి ఇళ్లలో గ్లూకోమీటరూ బీపీ మిషనూ సాధారణంగా ఒకే అరలో ఉంటాయి గానీ, వాటిని వాడే తీరులో మాత్రం చాలా తేడా ఉంటుంది. పరగడుపున చూడాలా, తిన్న రెండు గంటలకు చూడాలా అని షుగరు విషయంలో ఎంతో పట్టింపుగా ఉండేవారు కూడా, బీపీ దగ్గరికి వచ్చేసరికి తల బరువుగా అనిపించిన రోజున సోఫాలో కూర్చుని, చొక్కా చేతిని పైకి మడిచి, టీవీ చూస్తూ ఒక్కసారి బటన్ నొక్కి సరిపెట్టుకుంటారు. డాక్టరు మాత్ర పెంచేదీ తగ్గించేదీ ఆ అంకెలను చూసే కాబట్టి, అంకె తప్పయితే వైద్యమూ తప్పుతుంది. సరైన క్రమం ఏమిటని అడుగుతున్నవారి కోసం మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

## 1. మిషను ఎంపిక

మోచేతికి పైన, దండకు పట్టీ చుట్టి చూసే ఆటోమేటిక్ మిషనే తీసుకోండి. మణికట్టుకు కట్టుకునేవి చేయి ఏ ఎత్తులో ఉందన్న దాన్ని బట్టి తేలికగా మారిపోతాయి కాబట్టి, దండకు సరిపోయే పట్టీ దొరకనంత లావు చేయి ఉన్నవారికి తప్ప అవి వద్దు. వేలు పెడితే చెప్పేవీ, ఫోన్ కెమెరాతో చూసేవీ, పట్టీ లేకుండా చేతి గడియారాలు చూపేవీ మాత్రల మోతాదు నిర్ణయించడానికి పనికిరావు.

డబ్బా మీద ఎన్ని సదుపాయాలు రాసి ఉన్నాయన్నదానికంటే, ఆ మోడల్ శాస్త్రీయ పరీక్షలో నెగ్గిందా లేదా అన్నది ముఖ్యం. అలా నెగ్గిన మోడళ్ల జాబితాను స్ట్రైడ్ బీపీ అనే అంతర్జాతీయ సంస్థ తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచింది. కొనే ముందు కంపెనీ పేరుతో పాటు మోడల్ నంబరును కూడా అందులో సరిచూసుకోండి, ఎందుకంటే ఒకే కంపెనీ మిషన్లలో కొన్ని నెగ్గి ఉంటాయి, కొన్ని ఉండవు.

ఇంట్లో ఇద్దరు వాడేటట్లయితే ఇద్దరి అంకెలను విడివిడిగా దాచే మిషను తీసుకోవడం మంచిది. భార్యాభర్తల అంకెలు ఒకే జ్ఞాపకంలో కలిసిపోతే, డాక్టరు ముందు కూర్చున్నాక ఏది ఎవరిదో విడదీయడం సాధ్యం కాదు.

## 2. పట్టీ కొలత

ఎక్కువ మంది అసలు చూడని విషయం ఇది. భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చేయి వదులుగా వేలాడదీసి, దర్జీ టేపుతో చుట్టుకొలత తీయండి. మామూలుగా మిషనుతో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలతకు సరిపోతుంది. మీ చేయి 34 లేదా 36 ఉంటే పెద్ద పట్టీ విడిగా తెప్పించుకోవాలి. పట్టీ మీద కూడా ఈ కొలతలు అచ్చువేసి ఉంటాయి.

చిన్న పట్టీని లావు చేతికి బిగిస్తే లేని బీపీ కనిపిస్తుంది, పెద్ద పట్టీని సన్నని చేతికి చుడితే ఉన్న బీపీ తగ్గి కనిపిస్తుంది. షుగరుతో పాటు ఒళ్లు కూడా ఉన్నవారికి మొదటి పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ.

## 3. ఏ చేయి?

మొదటి రోజున రెండు చేతులకూ చూడండి. కుడిచేతికి రెండుసార్లు, ఎడమచేతికి రెండుసార్లు చూసి, ఏ చేతికి ఎక్కువ వస్తుందో ఆ రోజు నుంచి ఎప్పుడూ ఆ చేతికే చూడండి. పై అంకెలో తేడా ప్రతిసారీ 10 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. షుగరు ఉన్నవారిలో రక్తనాళాలు సన్నబడటం ఎక్కువ కాబట్టి ఆ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

కొన్ని చేతులకు పట్టీ చుట్టనే కూడదు:

- డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేయి.
- రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసిన వైపు చేయి, డాక్టరు పరవాలేదని చెప్పేదాకా.
- నిరంతరం షుగరు చూపే సెన్సరును దండకు అతికించిన చేయి. పట్టీ ఒత్తిడికి సెన్సరు ఊడిపోవచ్చు, తప్పు అంకె కూడా చూపవచ్చు. ఎక్కువ బీపీ వచ్చేది ఆ చేతికే అయితే, తర్వాతి సెన్సరును రెండో చేతికి పెట్టించుకోండి.

## 4. అరగంట ముందు నుంచి

మిషను ముందు కూర్చోవడానికి అరగంట ముందు నుంచే సిద్ధం కావాలి. ఈ అరగంటలో వీటిని దూరంగా ఉంచండి:

- కాఫీ, టీ
- సిగరెట్, బీడీ, గుట్కా, జర్దా కిళ్లీ
- నడక, మెట్లెక్కడం, బరువు పని
- వేడినీళ్ల స్నానం
- భోజనం
- మనసును కలవరపెట్టే ఫోన్ సంభాషణలు

కూర్చునే ముందు తప్పకుండా మూత్రానికి వెళ్లి రండి. మూత్రాశయం నిండుగా ఉంటే చాలు, పై అంకె 10 దాకా పెరగవచ్చు. షుగరు వల్ల మూత్రాశయ నరాలు మందగించినవారికి నిండిన సంగతి తెలియకపోవచ్చు కాబట్టి, రావట్లేదనిపించినా ఒకసారి వెళ్లి రావడం మేలు.

## 5. కూర్చునే తీరు

ఆనుకునే వీపు ఉన్న కుర్చీ కావాలి. సోఫా, దివాన్, మంచం అంచు, పీట ఇందుకు పనికిరావు. వీపు కుర్చీకి పూర్తిగా ఆనాలి, రెండు పాదాలూ నేలకు తాకాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, బాసింపట్టు వేసుకోకూడదు. పొట్టివారికి పాదాలు నేలకందకపోతే కింద ఒక పీట పెట్టుకోవాలి.

ఇక చేయి సంగతి. పట్టీ మధ్యభాగం గుండె ఎత్తులో, అంటే రొమ్ము ఎముక మధ్యభాగానికి సమానంగా ఉండాలి. చేయి ఒక్కొక్క సెంటీమీటరు కిందికి దిగిన కొద్దీ అంకె సుమారు ముప్పావు పాయింటు చొప్పున పెరుగుతుంది, అంటే 10 సెంటీమీటర్లు దిగితే 7 లేదా 8 అదనంగా కనిపిస్తుంది. చేతిని ఒళ్లో పెట్టుకున్నా, పక్కకు వేలాడేసినా జరిగేది ఇదే. చేయి కింద ఆధారం లేకుండా మనమే లేపి పట్టుకుంటే కండరం బిగిసి మళ్లీ పెరుగుతుంది.

మా నాన్నగారు చాలాకాలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిని కుర్చీ చేతి మీద పెట్టుకుని చూసుకునేవారు. ఒక ఉదయం అలా చూస్తే 154 వచ్చింది. అదే కుర్చీని భోజనాల బల్ల దగ్గరికి జరిపి, బల్ల మీద మడతపెట్టిన దుప్పటి వేసి, దాని మీద అరచేయి పైకి ఉండేలా చేతిని ఆనించి, ఐదు నిమిషాలు ఆగి చూస్తే 143 వచ్చింది. కాసేపు కుదురుగా కూర్చున్నందువల్ల తగ్గింది కొంత ఉండవచ్చు గానీ, ఆ తర్వాత ఎన్ని ఉదయాలు చూసినా ఆ పాత అంకె మళ్లీ రాలేదు. మీ ఇంట్లో కూడా దుప్పటి ఎన్ని మడతలు వేస్తే సరైన ఎత్తు వస్తుందో ఒక్కసారి తేల్చుకుని, రోజూ అదే వాడండి.

పట్టీ చుట్టేటప్పుడు:

1. దండ మీద బట్ట ఉండకూడదు. చొక్కా చేతిని పైకి మడిస్తే ఆ మడతే చేతిని బిగించేస్తుంది కాబట్టి చేతిని చొక్కాలోంచి బయటకు తీయండి. బిగుతు చేతుల రవికె వేసుకునే ఆడవాళ్లు చూసుకునే వేళకు వదులు నైటీ లేదా చేతులు లేని జాకెట్టు వేసుకుంటే ఇబ్బంది ఉండదు.
2. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు, మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి.
3. గొట్టం మోచేతి మడత మధ్యగా, లోపలి వైపు నుంచి కిందికి రావాలి.
4. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత చోటు ఉండాలి, అంతకంటే వదులు వద్దు.

ఇప్పుడు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. పక్కన ఉన్నవారు కూడా పలకరించకుండా ఉండాలి, ఎందుకంటే "ఎంత వచ్చింది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పినా అంకె పెరుగుతుంది. ఐదు నిమిషాలయ్యాక బటన్ నొక్కి, వచ్చింది రాసుకుని, ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి.

## 6. ఉదయం క్రమం: ముందు బీపీ, తర్వాత సూది

షుగరూ బీపీ రెండూ చూసుకునేవారు ఏది ముందన్న సందేహంలో పడతారు. లేచిన గంటలోపు ఈ వరుసలో వెళ్లండి:

1. మూత్రానికి వెళ్లి రండి.
2. పట్టీ చుట్టుకుని ఐదు నిమిషాలు కూర్చోండి.
3. నిమిషం తేడాతో రెండుసార్లు బీపీ చూసి రాయండి.
4. వేలికి సూది గుచ్చి పరగడుపు షుగరు చూసి రాయండి.
5. బీపీ మాత్ర, షుగరు మాత్ర లేదా ఇన్సులిన్ డాక్టరు చెప్పిన ప్రకారం తీసుకోండి.
6. ఆ తర్వాతే కాఫీ, టిఫిన్.

సూది నొప్పికీ, "ఈరోజు ఎంత వస్తుందో" అన్న బెరుకుకూ బీపీ కొంత పెరుగుతుంది కాబట్టి సూదిని వెనక్కి జరిపాం. మాత్రకు ముందే చూడటానికి కారణం, నిన్నటి మాత్ర ఈ ఉదయం దాకా పనిచేసిందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఈ వరుసకు ఒక్క మినహాయింపు ఉంది. లేవగానే వణుకు, చెమట, గుండెదడ, ఆకలి, తికమక ఉంటే బీపీని పక్కన పెట్టి ముందు షుగరు చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గానీ, మూడు టీస్పూన్ల చక్కెర కలిపిన నీళ్లు గానీ తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ షుగరు చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తీసుకోవాలి. షుగరు పడిపోయినప్పుడు శరీరం విడుదల చేసే అడ్రినలిన్ బీపీని ఎక్కువగా చూపుతుంది. ఆ అంకెను లెక్కలో కలపకూడదు, దాన్ని చూసి అదనంగా బీపీ మాత్ర వేసుకోనే కూడదు. మెటోప్రోలాల్, అటెనలాల్ వంటి బీపీ మందులు వాడేవారికి ఇలాంటప్పుడు గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. వారు చెమటనే గుర్తుగా పెట్టుకోవాలి.

సాయంత్రం రాత్రి భోజనానికి ముందు ఇదే పద్ధతిలో రెండుసార్లు చూస్తే చాలు. నరాలు దెబ్బతిన్నవారిలో తిన్న గంట, రెండు గంటల్లో బీపీ పడిపోవచ్చు కాబట్టి, ఒకరోజు తినక ముందూ ఇంకోరోజు తిన్నాకా చూస్తే రెండింటినీ పోల్చలేం.

## 7. ఏడు రోజుల లెక్క

రోజూ జీవితాంతం చూస్తూ కూర్చోవలసిన అవసరం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఏడు రోజులు, మందు మారిస్తే ఆ డాక్టరు చెప్పిన వ్యవధి తర్వాత మరో ఏడు రోజులు శ్రద్ధగా చూస్తే, అప్పుడప్పుడూ కంగారుగా చూసిన వంద అంకెల కంటే ఎక్కువ ఉపయోగం. ఏడు కుదరకపోతే కనీసం మూడు రోజులు చూడాలి.

నోటుబుక్కులో ఒక రోజు పేజీ ఇలా ఉంటే సరిపోతుంది:

- ఉదయం 6:30: 142/84, 136/80. పరగడుపు షుగరు 128.
- సాయంత్రం 7:15: 134/78, 132/76.
- గమనిక: రాత్రి మోకాలి నొప్పికి మాత్ర వేసుకున్నాను.

ఈ రోజు పై అంకెలు నాలుగూ కలిపితే 544, నాలుగుతో భాగిస్తే 136. కింది అంకెలు కలిపితే 318, సగటు దాదాపు 80. ఏడు రోజులయ్యాక మొదటి రోజు అంకెలను వదిలేయండి, ఎందుకంటే కొత్తదనపు బెరుకు వల్ల అవి సాధారణంగా ఎక్కువ వస్తాయి. మిగిలిన ఆరు రోజుల 24 అంకెల సగటే మీ ఇంటి బీపీ.

గమనిక గడిని ఖాళీగా వదలకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, షుగరుతో ఇప్పటికే అలసిన కిడ్నీలకు హాని కూడా చేస్తాయి. నిద్రలేని రాత్రి, జ్వరం, ఉపవాసం, ఆవకాయ అన్నం ఎక్కువగా తిన్న పూట, మరిచిపోయిన మాత్ర, అన్నీ రాయండి. నచ్చని అంకెను వదిలేసి నచ్చినదాన్నే రాయడం మాత్రం చేయకండి.

## 8. నిలబడి చూసే బీపీ

అందరూ వదిలేసేది, షుగరు ఉన్నవారు వదలకూడనిది ఈ అంచె.

మనం లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. అప్పుడు నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి బీపీని నిలబెడతాయి. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో ఆ నరాలు దెబ్బతింటే కూర్చున్నప్పుడు ఎక్కువగా ఉండే బీపీ నిలబడగానే పడిపోతుంది. కూర్చున్న అంకెను మాత్రమే చూసి మాత్ర పెంచితే, ఆ మనిషి రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఉంది.

ఏడు రోజుల్లో కనీసం రెండు ఉదయాలు ఇలా చూడండి. ఇంకొకరు పక్కన ఉండాలి, పట్టుకోవడానికి కుర్చీ ఎదురుగా ఉండాలి.

1. ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి చూడండి.
2. పట్టీ తీయకుండా లేచి నిలబడండి.
3. నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడండి. చేతిని గుండె ఎత్తులో బీరువా అర మీదో, పక్కవారి భుజం మీదో ఆనించాలి. వేలాడేస్తే అంకె పెరిగి, పడిపోయిన సంగతి దాగిపోతుంది.
4. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోండి, మూడు నిమిషాల దాకా ఓర్చుకోవద్దు.

పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకుమించి గానీ తగ్గితే అది రాసుకుని డాక్టరుకు చూపించాలి. ఉదాహరణకు, పడుకున్నప్పుడు 148/82 ఉండి, నిలబడిన నిమిషానికి 126/76, మూడు నిమిషాలకు 122/74 వస్తే తగ్గింది 26. ఇలా తగ్గినా కొందరికి కళ్లు తిరగవు కాబట్టి, నాకేమీ అనిపించడం లేదని ఈ పరీక్షను దాటవేయడం సరికాదు.

## 9. అంకెల అర్థం

షుగరు ఉన్న ఎక్కువ మందికి 130/80 కంటే తక్కువ ఉండటం లక్ష్యమని అమెరికా డయాబెటిస్ సంఘం చెబుతుంది. ఇంటి సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, ఆసుపత్రిలో చూసే 140/90తో సమానంగా, అది ఎక్కువ బీపీ కిందే లెక్క. వయసు మీరినవారికి, నిలబడితే పడిపోయేవారికి, కిడ్నీ లేదా గుండె జబ్బు ఉన్నవారికి లక్ష్యం మారుతుంది, కాబట్టి మీ అంకె ఏదో డాక్టరుతో రాయించుకుని నోటుబుక్కు మొదటి పేజీలో పెట్టుకోండి.

ఒక్క అంకె పెరిగిందని మాత్ర ఎక్కువ వేసుకోవడం, వారం బాగుందని మానేయడం రెండూ ప్రమాదమే. బాగున్నది మాత్ర వల్లనే.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్రం ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మందులు, నీరు తీసే మాత్రలు, టెల్మిసార్టన్ వంటి బీపీ మందులు వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే బీపీ బాగా పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతినవచ్చు. ఏ మందు ఎన్ని రోజులు ఆపాలో డాక్టరే చెబుతారు.

## 10. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

మొదటిసారి ఎక్కువ, రెండోసారి తక్కువ వస్తోంది. ఇది మామూలే, రెండూ రాయండి. తేడా ప్రతిసారీ చాలా ఎక్కువగా ఉంటే, మీరు కూర్చున్న ఐదు నిమిషాలు నిజంగా ఐదేనా అని గడియారం పెట్టి చూడండి.

మిషను ఎర్రర్ చూపిస్తోంది. పట్టీ వదులుగా ఉండటం, చేయి కదలడం, గొట్టం మడత పడటం, బ్యాటరీ తగ్గడం, ఈ నాలుగింటినీ వరుసగా చూడండి.

గుండె లయ తప్పిన గుర్తు వస్తోంది. నిమిషం తేడాతో మూడుసార్లు చూసి రాయండి. ఆ గుర్తు మళ్లీ మళ్లీ వస్తే ఈసీజీ తీయించుకోవాలి.

ఆసుపత్రిలో ఎక్కువ, ఇంట్లో తక్కువ, లేదా తలకిందులు. మిషనును వెంట తీసుకెళ్లి, అక్కడి మిషనుతో పాటు అదే చేతికి చూపించండి. కొన్నప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి ఇలా చేయించాలి. రెండూ సరిపోయి కూడా తేడా అలాగే ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముఖ్యం, ముఖ్యంగా ఇంట్లోనే ఎక్కువ వస్తున్నప్పుడు.

గర్భంతో ఉన్నప్పుడు. గర్భిణులకు పరీక్షించిన మోడల్ కావాలి. 140/90 దాటితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి, 160/110 దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

## 11. ఎప్పుడు ఆగకూడదు

180/120 దాటి, దానితో పాటు కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి:

- ఛాతీలో నొప్పి లేదా బరువు
- ఆయాసం
- మూతి వంకరపోవడం, ఒకవైపు చేయి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడటం
- చూపు ఉన్నట్టుండి మసకబారడం
- భరించలేని తలనొప్పి, తికమక

ఈ లక్షణాలు ఉంటే బీపీ ఎంత ఉన్నా, మామూలుగా ఉన్నా కూడా, ఫోన్ చేయాల్సిందే. షుగరు ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా రావచ్చని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కారణం లేని చెమట, ఆయాసం, విపరీతమైన నీరసం కూడా దాని గుర్తులే.

లక్షణాలేవీ లేకుండా 180/120 దాటితే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడూ అలాగే ఉంటే ఆ రోజే డాక్టరును కలవండి. నాలుక కింద మాత్ర పెట్టి గబగబా దించే పాత పద్ధతి వద్దు, ఒక్కసారిగా దించితే మెదడుకూ గుండెకూ రక్తం అందక ప్రమాదం జరుగుతుంది. పై అంకె 90 కంటే తగ్గి కళ్లు తిరుగుతుంటే పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టి, షుగరు కూడా చూసి, డాక్టరుకు ఫోన్ చేయాలి.

## 12. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సంచిలో

- ఏడు రోజుల అంకెలు, చివర సగటు వేసిన నోటుబుక్కు
- పడుకుని, నిలబడి చూసిన అంకెలు వేరే పేజీలో
- పరగడుపు షుగరు అంకెలు, చివరి హెచ్‌బీఏ1సీ రిపోర్టు
- ఏడాదిలోపు చేయించిన మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం రిపోర్టులు
- వాడుతున్న అన్ని మాత్రల అట్టలు, మందుల షాపులో అడిగి కొనుక్కున్న నొప్పి మాత్రలతో సహా
- ఏటా ఒకసారి సరిపోల్చడానికి మిషను, దాని పట్టీ

డాక్టరుకు మొదట చూపించవలసింది సగటు రాసిన పేజీని, ఆ వెంటనే నిలబడి చూసిన అంకెల పేజీని. మాత్ర మారిస్తే, మళ్లీ ఏడు రోజుల లెక్క ఏ తేదీన మొదలుపెట్టాలో అక్కడే అడిగి, తర్వాతి పేజీ పైన రాయించుకుని రండి.